రెండు నిమిషాల పెళ్లిచూపులు

ఆ రోజుల్లో కోపం నా ముక్కు మీద అద్దె కట్టకుండా కాపురం ఉండేది. జెర్సీ సిటీలో రైలు ఆలస్యమైతే కోపం, రూమ్మేటు పెరుగంతా తినేసి ఖాళీ డబ్బా ఫ్రిజ్‌లో పెడితే కోపం, మేనేజరు "క్విక్ కాల్" అంటే కోపం. ఇప్పుడు బీపీ మాత్ర వేసుకుని తలుచుకుంటే చాలావాటికి నవ్వే వస్తుంది. సూపర్ బౌల్ (అమెరికా ఫుట్‌బాల్ ఫైనల్) నాటి నా పెళ్లిచూపులకి మాత్రం ఇంకా ఒళ్లు మండుతుంది. ఎవరి మీదో మీరే చెప్పండి.

సంబంధం మా అమ్మ చూసింది. అమ్మాయి అరిజోనాలో, చాండ్లర్‌లో చిప్‌లు చేసే కంపెనీలో ఇంజనీరు. డాక్టరుగా రిటైరైన పెదనాన్న గారింట్లో ఉండేది. ఫోన్లో నాలుగైదుసార్లు మాట్లాడుకున్నాం. నిజం చెప్పొద్దూ, నా మనసు అప్పటికే అక్కడ పారేసుకున్నాను (ఆ అమ్మాయి నవ్వు ఫోన్లో కూడా తెలిసేది). ఇక ఎదురెదురుగా కూర్చోవడమే మిగిలింది. తెనాలిలో మా అమ్మ, గుంటూరులో వాళ్ల నాయనమ్మ పంచాంగాలు ముందేసుకుని, ఫిబ్రవరిలో ఒక ఆదివారం దశమి దివ్యంగా ఉందని తేల్చేశారు. "నాలుగున్నరకి రాహుకాలం వస్తుంది, ఈలోపే గడప దాటరా" అని అమ్మ పదిసార్లు చెప్పింది. తిథి చూశారు, వర్జ్యం చూశారు. ఆ రోజు అమెరికా మొత్తం టీవీ ముందు బైఠాయిస్తుందని ఏ పంచాంగంలో రాస్తారు? ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేదనుకునే నాకు అసలే తెలీదు. పెదనాన్న గారికి తెలుసు. కానీ డెబ్బై ఏళ్లొచ్చినా ఆయనకి వాళ్లమ్మ మాటకి ఎదురు చెప్పే ధైర్యం లేదట!

అయిదు గంటలు విమానంలో ముడుచుకుని కూర్చుని, కోటు నలక్కుండా ఒళ్లో పెట్టుకుని వెళ్లానండీ. నాలుగింటికి కాజాల డబ్బాతో బెల్ కొట్టాను. ఎర్ర జెర్సీ వేసుకున్న పెద్దాయన తలుపు తీసి, "రా బాబూ, రా! సరిగ్గా టైముకొచ్చావ్, ఇంకాసేపట్లో టాస్" అన్నారు. ప్రయాణం ఎలా జరిగిందని అడగలేదు, కనీసం మంచినీళ్లు కావాలా అనలేదు. అమ్మాయి వచ్చింది. పట్టుచీర, దాని పైన అదే ఎర్ర జెర్సీ! "చీర కట్టుకోమంటే కట్టుకుంది నాయనా, ఇదెప్పుడు తొడుక్కుందో నాకు తెలీదు" అని పెద్దమ్మ గారు తల కొట్టుకున్నారు. వాళ్ల టీము ముప్పై ఏళ్ల తర్వాత ఫైనల్‌కొచ్చిందట. రాహుకాలమూ ఆటా ఒకే ముహూర్తానికి మొదలయ్యాయి.

అదేం ఆటండీ బాబూ! పది సెకన్లు ఆడతారు, ఒకళ్ల మీద ఒకళ్లు పడతారు, లేచి గుంపుగా నిలబడి చెవులు కొరుక్కుంటారు, తర్వాత యాడ్లు. కార్ల యాడ్, చిప్స్ యాడ్, మళ్లీ కార్ల యాడ్. "ఏం చదివావు బాబూ?" అని పెదనాన్న గారు అడిగారు. "ఎం.ఎస్. అంకుల్, కంప్యూ..." అనేసరికి "ఆగాగు!" అని టీవీ వైపు తిరిగారు. నా చదువు ఆ తర్వాత ఎవరికీ గుర్తు రాలేదు. పెద్దమ్మ గారు బజ్జీలు పెడుతూనే ఉన్నారు, నేను గోడ గడియారాన్ని గుడ్లురిమి చూస్తూనే ఉన్నాను. లోపల పప్పులా ఉడికిపోతున్నాను. రాత్రి విమానానికి మళ్లీ వెళ్లిపోవాలి. పెళ్లికొడుకునా, పక్కింటి నుంచి టీవీ చూడ్డానికొచ్చినవాణ్ణా?

చివరికి తెగించి, "అంకుల్, ఒకసారి మాట్లాడుకుంటే..." అన్నాను. "రెండే రెండు నిమిషాలు బాబూ, అయిపోవచ్చింది" అన్నారు. సరే, రెండు నిమిషాలేగా! గడియారంలో రెండు అయ్యాయి. అయిదయ్యాయి. పది దాటాయి. టీవీ మూలన మాత్రం ఇంకా నిమిషం పైనే ఉంది. ఆ ఆటలో గడియారాన్ని మాటిమాటికీ ఆపేస్తారని నాకెవరు చెప్పారు? పెద్దమనిషి మొహం మీదే అబద్ధమాడుతున్నాడనుకున్నాను. ఇరవయ్యో నిమిషంలో లేచి, తిన్నగా వెళ్లి టీవీకి అడ్డంగా నిలబడ్డాను.

"రెండు నిమిషాలన్నారు! మనిషి ఇంటికొస్తే ఇదా మర్యాద? ఆటకంటే యాడ్లే ఎక్కువున్నాయి, దీనికోసం నన్ను ఇంత దూరం..."

"జరుగు! జరుగు!" అని ముగ్గురూ ఒక్కసారే అరిచారు. నా వీపు వెనక జనం హోరు. గెలిచారో ఓడారో నాకర్థం కాలేదు. పెదనాన్న గారు మాత్రం కళ్లజోడు తీసేసి, "ముప్పై ఏళ్లు, బాబూ" అన్నారు.

"మళ్లీ చూపిస్తున్నారుగా!" అన్నాను, తగ్గకుండా.

"పెళ్లి వీడియో చూస్తే పెళ్లైనట్టేనా?" అని ఆయన ఇల్లెగిరిపోయేలా అరిచారు. నేనూ అరిచాను. పెద్దమ్మ గారు మా మధ్యలో బజ్జీల పళ్లెంతో నిలబడిపోయారు. కోటు భుజాన వేసుకుని, టాక్సీ పిలుచుకుని బయటపడ్డాను.

వాకిట్లోకి అమ్మాయి వచ్చింది. తిడుతుందనుకున్నాను.

"పెదనాన్న రేపటికి మర్చిపోతారు లెండి, మా ఇంట్లో అందరికీ కోపమే" అంది. మళ్లీ తనే, "యాడ్ వచ్చిన ప్రతిసారీ మీ వైపే చూశానండీ, ఏదైనా మాట్లాడతారేమోనని. ఎన్ని యాడ్లు వచ్చాయో మీరే చెప్పారుగా ఇందాక. మీరు ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు" అంది.

అప్పుడైనా నోరు మూసుకోవాలా? "మరి మీరే పలకరించొచ్చుగా!" అని గయ్యిమన్నాను.

"అవునండీ, పలకరించాల్సింది" అని, చీర కుచ్చిళ్లు పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ సంబంధం అంతటితో సరి.

టాక్సీ ఎక్కి, అమెరికా వాళ్లనీ, పంచాంగాన్నీ, ఆ ఆటనీ కలిపి తెలుగులో తిట్టుకుంటున్నాను. డ్రైవరు పాపం ఆత్రంగా వెనక్కి తిరిగి, ఎవరు గెలిచారని అడిగాడు. "నాకు తెలీదు!" అని వాడి మీదా అరిచాను. ఇప్పుడు ఆ వెనక సీట్లో కుర్రాణ్ణి తలుచుకుంటే జాలీ నవ్వూ కలిసే వస్తాయి. వెర్రినాగన్న, వాడికి నిజంగానే తెలీదు.