శేషారత్నం ఆంటీ తాగని వైను

పరాయి దేశంలో మేముండే ఈ ఫ్లాట్ బుష్ పేట మొత్తంలో శేషారత్నం ఆంటీని మించిన తాగుబోతు లేదు. వారానికి పద్నాలుగు సీసాల వైను, నాలుగు పెట్టెల బీరు, పైన తొమ్మిది పాకెట్ల సిగరెట్లు. నంజుకోవడానికి ఎలుకల మందు. ఇంత పుచ్చుకుని కూడా పొద్దున ఏడింటికల్లా స్నానం చేసి, నలుగురు పసిపిల్లలకి ఇడ్లీ చిదిమి తినిపించేది.

ఈ మాట నాది కాదు, కంప్యూటర్‌ది. కంప్యూటర్ కోర్సు రెండో సెమిస్టర్‌లోనే వదిలేశాను గానీ, లేకపోతే దాని సంగతి అప్పుడే తేల్చేసేవాణ్ణి.

ఆంటీది కాకినాడ. ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళ పిల్లల్ని, లైసెన్సున్న ఒక కంపెనీ తరఫున, తన ఇంట్లోనే చూసుకుంటుంది. ఆ ఇంటి వెనకగదిలో అద్దెకుండేది నేను.

మా తెలుగువాళ్ళకి ఇక్కడ ఒక అలవాటుంది. సూపర్ మార్కెట్లో బిల్లు వేసేటప్పుడు పాయింట్ల కోసం ఫోన్ నంబరు అడిగితే, పదకొండు కుటుంబాలవాళ్ళమూ ఆంటీ నంబరే చెబుతాం. ఆ పాయింట్లతో వినాయక చవితి భోజనాల సరుకులు వచ్చేస్తాయి. మా అమ్మ నంబరు నాకు నోటికి రాదు. ఆంటీది మాత్రం జ్వరంలో అడిగినా చెబుతాను. రెండు పెట్టెల బీరుకి చెప్పింది నేనే.

పిల్లలకి ఏం వండారో రోజూ టైపు చేసే బాధ లేకుండా షాపు పాయింట్ల కార్డుని మా యాప్‌కి కలుపుకోండి అని కంపెనీ అడిగింది. ఆంటీ కలిపింది. ఆ నంబరు మీద పదకొండు ఇళ్ళవాళ్ళం కొన్నవన్నీ యాప్‌లో ఆంటీ లెక్కలోనే పడ్డాయి. ఆరు వారాలకి కంపెనీ నుంచి కరిష్మా ఫోన్ చేసింది. ఫిజీ నుంచి వచ్చిన కుటుంబం వాళ్ళది. ఆంటీ పులిహోర డబ్బాల్లో పట్టుకెళ్ళే పిల్ల. ఆ రోజు ఆంటీ అనలేదు, మిసెస్ అంది. పిల్లలకి ప్రమాదమని యాప్‌లో ఇంటికి ఎర్ర గుర్తు పడిందనీ, విచారణ అయ్యేదాకా పిల్లలు రారనీ చెప్పింది.

మర్నాడు ఏడింటికి ఎవరూ రాలేదు. రెండేళ్ళ ప్రణీత ఆంటీ చున్నీ కొస పట్టుకుంటే తప్ప పడుకోదు. ఆ చున్నీని కుర్చీ మీద వేసి, ఆంటీ వాకిలి వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత, అందులోనూ మత్తుందంటారేమోనని దగ్గు మందు సింకులో పారబోసింది. షాపుకి వెళ్ళడం మానేసింది. ఫోను బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించి, నాతో సైగలతో మాట్లాడింది. నేను నవ్వాను. కాసేపటికి నా ఫోనూ అందులోనే పెట్టాను.

ఎవరి సరుకులకి వాళ్ళు పేరు రాసిస్తే గుర్తు తీసేస్తామన్నారు కంపెనీవాళ్ళు. వైను పట్టాభిరామయ్య గారిది. చవితినాడు పీట మీద కూర్చుని పూజ చేయించే పెద్దాయన. ఇన్సూరెన్స్ రెన్యువల్ దగ్గరపడిందని ఆయన తల దించుకున్నారు.

"ఇవాళ మీ గురించి చెప్పిన యంత్రం, రేపు నా తాగుడు గురించి ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పదని నమ్మకమేమిటమ్మా?"

మిగతావాళ్ళూ ఏదో ఒకటి చెప్పి తప్పుకున్నారు. తర్వాత ఆంటీ ఫోన్ చేస్తే ఎత్తడమే మానేశారు.

విచారణకి కరిష్మా టాబ్లెట్ పట్టుకుని వచ్చి, వైను ఎవరిదని అడిగింది.

"చెబితే ఆయన పేరు ఎక్కడికి పోతుంది?" అంది ఆంటీ.

కరిష్మా టాబ్లెట్ బోర్లా పెట్టింది. "నాకు నిజంగా తెలీదు ఆంటీ."

అయితే పేరు చెప్పనంది ఆంటీ. అప్పుడు లేచాను నేను. సీసాలు, సిగరెట్లు, ఎలుకల మందు, సమస్తం నావేనని పదకొండు ఇళ్ళ తరఫునా సంతకం గీకేశాను. ఆ సంతకం చూసి యంత్రం దడుచుకుంది, గుర్తు ఎగిరిపోయింది, సోమవారానికి నలుగురు పిల్లలూ వాకిట్లో ఉన్నారు.

ఇదంతా రాసి ఆంటీకి చదివి వినిపించాను. చిక్కుడుకాయలు వలుస్తూ చివరిదాకా విని, తల ఎత్తకుండానే అంది:

"వైను పద్నాలుగు కాదు, ఆరు. నువ్వు సంతకం పెట్టింది నీ బీరుకే. పిల్లలు ఇద్దరే వచ్చారు. ప్రణీత రాలేదు."