రుచి చూడకముందే ఉప్పు

వంటంటే ప్రాణం కాబట్టే మా పిన్ని గుమాస్తా ఉద్యోగానికి నీళ్లొదిలి భోజనం హోటల్ పెట్టింది. ఇప్పుడు జనం గుమ్మం బయట నిలబడి మరీ తింటున్నారు. బాబాయి మాత్రం రోజూ దర్జాగా కూర్చుని, ముద్ద నోట్లో పెట్టకుండానే కూర మీద ఉప్పు చల్లుకుంటాడు. ఇరవై ఏళ్లుగా ఇంట్లోనూ ఇదే తంతు. చూస్తూ వడ్డించే నాకే అరికాలి మంట నెత్తికెక్కేది.

నిన్నా అలాగే ఉప్పు చల్లుకుని తిన్నాడు.

"ఎప్పటిలాగే ఉంది. నీ చేతి వంట నాకు తెలీదా? దీనికేనా జనం ఎగబడుతున్నారు?"

పిన్ని ఉప్పు డబ్బా లాక్కుంది.

"ఆ కూర ఎదురు హోటల్ నుంచి తెప్పించాను. నా వంట మీరు ఏనాడు తిన్నారు గనక?"