తొమ్మిది బెడ్డలు, ఒక మూత

ఆ రోజుల్లో మా పర్చూరు వైపు పల్లెల్లో పెళ్ళికి బ్యాండు మేళం ఎంత తప్పనిసరో పంచరత్నాలూ అంతే తప్పనిసరి. వధూవరుల మీద ఐదు పద్యాలు నిగనిగలాడే కాగితం మీద అచ్చువేయించి, అద్దం కట్టించి, భోజనాలకు ముందు మైకులో చదివించాలి. నాకు గొంతు ఉండేది, దానికి తోడు లెక్క ఉండేది. పదో తరగతితో చదువు ఆపేసి చిలకలూరిపేట రోడ్డులో ఒక పత్తి మిల్లులో కాటా గుమస్తాగా చేరినవాణ్ణి. పాత పుస్తకాల కొట్లో దొరికిన అట్టలేని ఛందస్సు పుస్తకాన్ని, ఒక లారీ వెళ్ళి ఇంకో లారీ వచ్చేలోపు ఖాళీలో చదువుకుని, చెప్పేవాళ్ళు లేకుండానే గణాలు పట్టేశాను. నా దృష్టిలో పద్యమంటే తూకమే. ఎక్కువైతే దించాలి, తక్కువైతే ఎక్కించాలి. (మరి భావం సంగతేమిటని అడుగుతారేమో. బోరెం సంచిలో ఏముందో కాటాకు అనవసరం.)

ఇరవై మూడేళ్ళు వచ్చేసరికి పద్నాలుగు పెళ్ళిళ్ళలో చదివాను. పద్నాలుగింటికీ కలిపి నేను రాసినవి ఐదే పద్యాలు. పేర్లుండే చోట ఖాళీ పెట్టుకుని, ఆ ఖాళీకి సరిపడే పేర్ల పట్టిక ఒకటి తయారుచేసుకున్నాను. పేరు సరిపోకపోతే చివర ‘రావు’ తగిలించేవాణ్ణి, లేదా ఉన్న రావును ఊడగొట్టేవాణ్ణి. ఒక పెళ్ళికొడుకు తండ్రి “మావాడి పేరు సగమే చదివావేందయ్యా?” అని నిలదీస్తే, తేటగీతిలో అంతకంటే పట్టదని తేటగా చెప్పాను. ప్రతి పద్యం చివరా ఒకటే పాదం:

నిండు నూరేండ్లు మీ జంట నిలుచుగాక!

అక్కడ నేను రాగం ఎత్తితే పందిట్లో అక్షింతలు పడేవి.

ఆ ఏడు పత్తికి తెల్లదోమ పట్టింది. వరసకు నాకు బావ అయ్యే ఆయన చేలో మందు కొడుతూ పడిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. మందు విషం వల్ల పోయాడని కాగితంలో రాశారు. ఆ విషం తాగాడనీ రాయలేదు, పీల్చాడనీ రాయలేదు. రాయని ఆ మాట ఊరు రాసుకుంది, తాగే పోయాడని. మొదట ఆ మాట అన్నది ఆయన సొంత అన్న, అంటే మా పెదబావ. ముందురోజు కాలవ నీళ్ళ దగ్గర అన్నదమ్ములిద్దరికీ మాటామాటా వచ్చిందట.

ఐదోరోజున అక్క, అంటే బావ భార్య, నన్ను పిలిపించింది.

“తమ్ముడూ, పెద్దకర్మ రోజున పద్యాలు చదివించాలంటున్నారు. నీ పద్యాల సంగతి నాకు తెలవదు. ఒక్కమాట మాత్రం నువ్వు మైకులో చెప్పాల. మీ బావ తాగలేదు. గాలికి ఎదురు కొట్టాడు, మొహానికి తువ్వాలైనా కట్టుకోలేదు. నీళ్ళు మోసింది నేనేగా. మొగుడు పోయి ఇల్లు పట్టి కూర్చున్న దాన్ని, నేను చెబితే ఎవరింటారు? రేపు బళ్ళో నా బిడ్డల్ని పట్టుకుని, మీ నాయన మీరొద్దనుకుని పోయాడంట అంటే ఏం చెప్పుకోవాల?”

మా వైపు మందు కొట్టేటప్పుడు, వీపుకు తగిలించుకునే పంపు ట్యాంకులో నీళ్ళు నింపినప్పుడల్లా, నింపిన మనిషి గట్టుమీద ఒక మట్టిబెడ్డ పెట్టడం అలవాటు. చేనికి ఎన్ని ట్యాంకులు పట్టాయో చివర్లో చూసుకోవడానికి. అక్క తొమ్మిది బెడ్డలు పెట్టింది. ట్యాంకుకు రెండు మూతల మందు. ఆ పొద్దునే సీలు తీసిన అరలీటరు డబ్బా. మూతలోపల ఇరవై ఐదు మిల్లీలీటర్లని గీత. డబ్బాకు ఇరవై మూతలు కదా, అందులో పద్దెనిమిది చేనికి పోతే రెండు మిగలాలి. మిగిలితే తాగనట్టే. ఆ డబ్బాను అక్క గుడ్డలో చుట్టి చూరులో దాచింది.

ఇంత తేలిక లెక్కను ఆరు రోజులపాటు పద్యంలోకి ఎక్కించడానికి తంటాలు పడ్డాను. ‘పంపు’ కాస్తా ‘విషజలయంత్రం’ అయింది. ‘బెడ్డ’ అంటే నామోషీ అనిపించి నిఘంటువు వెతికితే ‘లోష్టం’ దొరికింది. చివరికి తేలిన పాదం ఇది:

లోష్టనవకంబు సాక్షిగా లోకమందు

(‘లోకమందు’తో పనేమీ లేదు, యతి కోసం వేశాను.) దీంతోనే రోజులన్నీ పోవడంతో మిగతా నాలుగు పద్యాలకు వ్యవధి లేకపోయింది. పెళ్ళి పద్యాల్నే తీసుకుని, ‘శుభము’ ఉన్నచోట ‘శోక’మనీ, ‘నవ్వు’ ఉన్నచోట ‘కన్నీ’రనీ మార్చాను. చివరి పాదం కూడా మార్చాను. కాగితం మీద అయితే మార్చాను.

పదకొండోరోజు షామియానా నిండింది. పూలదండ వేసిన బావ ఫోటో, పక్కనే చాపమీద అక్క. వెనక గాడిపొయ్యి మీద సాంబారు కాగుతోంది. గొంతు సవరించుకుని మొదటి పద్యం ఎత్తుకున్నాను. మూడు పాదాలు బాగానే నడిచాయి. పందిట్లో ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు కూడా. అది చూసి నాకు హుషారొచ్చింది. ఆ హుషారులో చూపు కాగితం వదిలింది. పద్నాలుగు పెళ్ళిళ్ళ అలవాటున్న నోరు దాని దారిన అది పోయింది. ఫోటోకేసి చెయ్యి చాచి, రాగం తీసి, “నిండు నూరేండ్లు మీ జంట నిలుచుగాక!” అని దీవించాను.

సాంబారు ఉడికే చప్పుడు నాకు వినిపించింది.

ముందు వరసలో కూర్చుని ఉన్న ఊరి పెద్దమనిషి చుట్ట తాతయ్య నోట్లో చుట్ట తీశాడు. “ఒరేయ్, చచ్చినోడికి నూరేళ్ళేందిరా? మాకా, ఆడికా?”

అంతే, తువ్వాళ్ళు నోటికి అడ్డం పెట్టుకున్నారు కొందరు, పెట్టుకోకుండానే నవ్వారు కొందరు. పెదబావ విసురుగా వచ్చి మైకు లాక్కున్నాడు. “చాల్లేరా నీ కవిత్వం! ఆకులేస్తున్నారు, అందరూ లేవండి.” కుర్చీలు కదిలాయి. అందరూ లేచిపోతే అక్క మాట చెప్పే అదను ఇంకెప్పటికీ ఉండదని నాకు తెలుసు. కాళ్ళు మాత్రం మిల్లువైపు పారిపొమ్మంటున్నాయి.

“నా మాట చెప్పలేదు తమ్ముడూ,” అంది అక్క, చాపమీద నుంచే. గట్టిగా కూడా అనలేదు.

మైకు లేకుండానే ఐదో పద్యం అందుకున్నాను. “లోష్టనవకంబు సాక్షిగా...”

“అదేం రోగంరా?” అన్నాడు తాతయ్య.

అప్పుడు కాగితం జేబులో పెట్టేసి, మిల్లులో లారీ డ్రైవర్ల మీద అరిచే గొంతుతో అరిచాను. “తొమ్మిది బెడ్డలు తాతయ్యా! అక్క గట్టుమీద తొమ్మిది బెడ్డలు పెట్టింది. ట్యాంకుకు రెండు మూతలు. తొమ్మిది రెళ్ళెంత?”

“పద్దెనిమిది,” అన్నాడాయన, అనుకోకుండా.

“కొత్త డబ్బాలో ఇరవై. ఎన్ని మిగలాల?”

“రెండు.” ఈసారి నలుగురైదుగురు అన్నారు. లేచినవాళ్ళు నిలబడిపోయారు. అంతవరకూ నా ఏ పద్యాన్నీ ఎవరూ అంత శ్రద్ధగా వినలేదు. పెదబావ మాత్రం మైకు పట్టుకునే, “రెండు మిగిలినయ్యని ఎవరు చూశార్రా?” అన్నాడు.

అక్క లోపలికి వెళ్ళి చూరులోంచి డబ్బా, దాంతోపాటు ఒక ఖాళీ సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. మూత తియ్యగానే ఘాటు గుప్పుమంది. ముందు వరస వెనక్కి జరిగింది. ఒక మూత పోశాను. గీత దాకా వచ్చింది. అందరికీ చూపించి, ఖాళీ సీసాలోకి వంచాను. “ఒకటి,” అన్నారు జనం. రెండోది పోశాను. డబ్బా తిరగేసి, ఆఖరి చుక్క దాకా దులిపాను.

మూత నిండలేదు. గీతకు పావువంతు కిందే ఆగింది.

ఆ గీత కనబడేంత దగ్గరలో ఉన్నది నేనూ, అక్కా. నేను అక్క మొహం చూడలేదు. మూతను అరచేత్తో కప్పి, “రెండు! నిండింది!” అని అరిచి, గబుక్కున సీసాలోకి వంచేశాను.

పెదబావ అక్కడే నేలమీద కూలబడ్డాడు. “నా మూలాన తాగాడనుకున్నా గదమ్మా... కాలవ కాడ ఆడిని అంత మాటన్నా... పదకొండు రోజులు...” అని మరదలి ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చుట్ట తాతయ్య చుట్ట పారేసి, “తాగలేదు. లెక్క సరిపోయింది,” అని తీర్పు చెప్పాడు. ఆ మధ్యాహ్నం పంక్తిలో అందరూ ఆ మాటే అనుకుంటూ తిన్నారు. నా ఆకులో రెండు గారెలు ఎక్కువ పడ్డాయి. తినలేకపోయాను.

ఆ తర్వాత నన్నెవరూ పద్యాలకు పిలవలేదు. (ఆ దీవెన నాకంటే ముందే ఊళ్ళు దాటింది.) ఆ పావువంతు మాత్రం నన్ను వదల్లేదు. ఆరు మిల్లీలీటర్ల పైచిలుకు. గాలిలో, వణికే చేత్తో కొలిచిన మూతలు పద్దెనిమిది. ఒక్కోసారి కాస్త ఒలికిందనుకుంటే సరిపోతుంది. సరిపోతుందని ఎన్నోసార్లు తేల్చాను, తేలిపోయిన లెక్కను మళ్ళీ మళ్ళీ ఎందుకు చేస్తున్నానో మాత్రం తేలలేదు.

అక్క పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. మొన్న మిల్లుకు పత్తి వేసుకొచ్చిన చిన్నవాడు “మామయ్యా, మా నాన్న లెక్క నువ్వే తేల్చావంట గదా” అన్నాడు. అక్క పక్కనే ఉంది. నా వంక చూసి, “మీ మామయ్య లెక్క తప్పదురా” అంది. చూశాక తల తిప్పుకోలేదు.

ఇప్పటికీ కాటా మీద ఐదు కిలోల తేడా వస్తే లారీని వెనక్కి పంపి మళ్ళీ ఎక్కిస్తాను. “ఐదు కిలోలకేంది సార్ ఇంత చాదస్తం!” అని డ్రైవర్లు విసుక్కుంటారు. యతి కోసం లోకాన్నంతా పాదంలోకి లాక్కొచ్చినవాణ్ణి, నాకా చాదస్తం కొత్త కాదు. నా జన్మలో తప్పుతూకం వేసింది ఒక్కటే. దాన్ని మళ్ళీ తూచమంటే మళ్ళీ అరచెయ్యి అడ్డం పెడతాను.