మా నాన్న చూడని పదకొండో రీలు

పటాన్‌చెరులో డేరా టాకీసు ఉండేది, మా చిన్నప్పుడు... పట్నంలో ఆడి ఆడి, గీతలు పడి, తెర మీద వాన కురుస్తున్నట్టు కనిపించే బొమ్మ మా ఊరొచ్చేది. అయినా మాకు అదే కొత్త సినిమా!

మేం తెనాలి వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చినవాళ్ళం. నాన్న ఫ్యాక్టరీ టైమాఫీసులో గుమాస్తా. డ్యూటీ దిగగానే సినిమాల మీద విమర్శలు రాసి పత్రికలకి పంపేవాడు... అవి తిరుగు టపాలో వచ్చేసేవి. కవరు చూడగానే అమ్మ, "పిలవకుండానే మళ్ళీ వచ్చాడండీ మీ అల్లుడు!" అనేది.

ఆ యేడు ప్రభుత్వం సినిమాలకి బహుమతులు ప్రకటించింది. ఉత్తమ నటి బహుమతి వచ్చిన సినిమా అప్పుడే మా డేరాలో పడింది. అదివరకు నాన్న రాతలు తిప్పి పంపిన పట్నం వారపత్రిక ఎడిటరు గారే ఈసారి కార్డు రాశారు... బహుమతుల సంచిక వేస్తున్నాం, ఆ సినిమా మీద మీ అభిప్రాయం వెంటనే పంపండి, నచ్చితే మా సినిమా పేజీ వారం వారం మీరే రాద్దురుగాని అని.

నాన్న ఆ కార్డు ఎన్నిసార్లు చదివాడో! "నలభై దగ్గర పడుతున్నాయే... ఇదీ తప్పిపోతే ఇంక నాకు రాత లేదు" అన్నాడు అమ్మతో. ఆ మాటకి అమ్మ కూడా వేళాకోళం మానేసింది.

సినిమాకి నన్నూ తీసుకెళ్ళాడు. కరెంటు పోయి ఆట ఆలస్యంగా మొదలైంది. ఇంటికొస్తూ దారి పొడుగునా ఒకటే గొణుగుడు. "పసివాణ్ణి వదిలేసి గడప దాటిపోయింది... ఎందుకు పోయిందో ఒక్క ముక్క చెప్పలేదు! దీనికి బహుమతా?" ఇల్లు చేరగానే రాయడానికి కూర్చున్నాడు. 'ఏ సన్నివేశం చూసి ఈమెకి బహుమతి ఇచ్చారో పెద్దలే సెలవియ్యాలి' అని ముగించాడు. మర్నాడు బడికి పోతూ ఆ కవరు డబ్బాలో వేసింది నేనే.

మూడో రోజు పొద్దున డేరాలో మిషను నడిపే యాదగిరి మా ఇంటి ముందు నుంచి పోతుంటే నాన్న పిలిచి టీ ఇప్పించాడు. ఏం సినిమా తెచ్చారయ్యా, తలా తోకా లేదు అని ఎగతాళి చేశాడు.

"గట్లెందుకంటవ్ సారూ? బొమ్మ మంచిగనే ఉన్నది. గా దినం కరెంటు పోయి లేటయ్యింది గదా... రాత్రి పది గంటల డ్యూటీకి పోయెటోళ్ళు లొల్లి వెట్టిండ్రు. ఇగ పదకొండో రీలు మింగిన."

"మింగడమేంటి?"

"ఎక్కియ్యలే సారూ. పాట లేదు, ఫైటింగ్ లేదు. గామె ఒక్కతే కూసోని మాట్లాడుతది, గంతే. గది తీస్తే ఎవలు అడుగుతరు?"

నాన్న చటుక్కున లేచాడు. అలాగే చొక్కా తగిలించుకుని పోస్టాఫీసుకి పరిగెత్తాడు. కవరు ఎప్పుడో వెళ్ళిపోయిందన్నారు.

ఆ సాయంత్రం మళ్ళీ వెళ్ళాం. యాదగిరి అన్ని రీళ్ళూ వేశాడు. పదకొండోది వచ్చింది... నిద్రపోతున్న కొడుకు పక్కన కూర్చుని ఆవిడ మెల్లగా మాట్లాడుతోంది. తనకొచ్చిన జబ్బు వాడికి అంటకూడదని వెళ్ళిపోతున్నానంటోంది. ఏడుపు లేదు, కేక లేదు. నేల టిక్కెట్టువాళ్ళు కూడా చప్పుడు చెయ్యలేదు. నాన్న తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "ఎంత మాట రాశానే తల్లీ..." అన్నాడు. నాతో కాదు, తెరతో.

ఇంటికొచ్చి నాలుగు కాగితాలు రాశాడు. తెల్లారి సెలవు చీటీ కూడా ఇవ్వకుండా పట్నం బస్సెక్కాడు. ఈయన ఒంటరిగా వెళ్తే ఏం చేసుకుంటాడో అని అమ్మ నన్ను వెంట తోలింది.

పత్రికాఫీసులో ఎడిటరు గారు నవ్వుతూ లేచారు. "రండి రండి! నిప్పులు కురిపించారండీ. అచ్చు కూడా అయిపోయింది. వచ్చే వారం నుంచి ఆ పేజీ మీదే."

నా గుండె ఎగిరి గంతేసింది. నాన్న మాత్రం చేతులు జోడించాడు. "నేనో రీలు చూడలేదండీ... ఆ నటి అసలు నటనంతా అందులోనే ఉంది. ఇది సరిదిద్ది రాశాను. వచ్చే వారం వెయ్యండి, మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఎడిటరు గారి నవ్వు ఆగింది. "మా విమర్శకుడు సినిమా చూడకుండానే రాశాడని మేమే అచ్చేసుకోవాలా? ఇది వేస్తే మీకు పేజీ ఉండదు మాస్టారూ. ఆ కాగితాలు జేబులో పెట్టుకోండి... రీలు సంగతి ఎవరికి తెలుస్తుంది?"

పెట్టేసుకో నాన్నా, పెట్టేసుకో... అని లోపల ఎంత మొత్తుకున్నానో! చెయ్యి పట్టి లాగాను కూడా. నాన్న నా చెయ్యి విడిపించుకున్నాడు.  ఆ నాలుగు కాగితాలూ బల్ల మీద పెట్టి బయటికొచ్చేశాడు. బస్సులో నేను ఏడుస్తూనే ఉన్నాను, కోపంతో.

ఆ కాగితాలు వాళ్ళు వెయ్యలేదు. పేజీ వేరే ఎవరికో ఇచ్చారు. మొదటిది మాత్రం నాన్న పేరుతో వచ్చింది. కాలనీలో అందరూ మెచ్చుకోవడమే! ఆయన ఒక్కొక్కళ్ళనీ ఆపి, "సినిమా పూర్తిగా చూడకుండా రాశానండీ, అది తప్పు" అని చెప్పుకునేవాడు. గేటు దగ్గర కార్డు చూపించే కూలీలకి కూడా! నాకు తల కొట్టేసినట్టుండేది.

మళ్ళీ కలం పట్టలేదు మా నాన్న. చాలా ఏళ్ళకి ఆ నటి పోయిందని పేపర్లో వచ్చింది. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు. "ఇంక తప్పయిందని ఎవరికి చెప్పుకోనే అమ్మడూ..." అన్నాడు నాతో. బస్సులో ఆయన మీద వచ్చిన కోపం నాకు అప్పుడు పోయింది.

ఇప్పుడు ఇంటర్వెల్ కాకముందే ఫోన్లో తీర్పులు వచ్చేస్తున్నాయి... చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఒక్క రీలు కోసం ఒక మనిషి ఏం పోగొట్టుకున్నాడో కళ్ళారా చూసినదాన్ని మరి!

పూర్తిగా తెలుసుకోకుండా మీరూ ఎవరినైనా ఓ మాట అనేశారా? ఆ మనిషి ఇంకా ఉంటే ఇవాళే వెళ్ళి చెప్పండి. లేకపోతే ఇక్కడ రాయండి... నేను చదువుతాను.