నాగజెముడు వేరుకు ఇసుక చొక్కా

రెండేళ్ళ కిందట పుంగనూరు దగ్గర ఒక పల్లెలో నేను చేసిన ఉపన్యాసమే ఈ ప్రయాణానికి కారణం. అక్కడ మెట్టచేలో మొక్కలు నాటేముందు ఆడవాళ్ళు పరగడుపున వెళ్ళి, గట్టు మీది నాగజెముడు మొదట్లోంచి మన్ను తీసి, పసుపు చల్లి, గుంతకు పిడికెడు వేస్తారు. మూఢనమ్మకమంటూ మైకు పట్టుకుని గంటసేపు దులిపేశాను. రత్నమ్మ అనే రైతు నా మాట విని మానేసింది. ఆమె నాటిన సీతాఫలం మొక్కలన్నీ ఎండిపోయాయి. ఈ ఏడు మళ్ళీ గుంతలు తీసి, మన్ను వెయ్యాలో వద్దో వచ్చి తేల్చమని ఫోన్ చేసింది. ఈసారీ మొక్కలు పోతే చేను ఇటుకల బట్టీకి ఇవ్వాల్సిందేనని ఆమె మరిది పట్టుబట్టాడట. బట్టీవాళ్ళు పైమన్నంతా గీక్కుపోతే ఇక అక్కడ ఏం మొలుస్తుంది?

మదనపల్లెలో ఉదయం ఆరున్నరకు బస్సెక్కితే ముప్పావుగంటలో పుంగనూరు. టికెట్టు నలభై రూపాయల లోపే. అక్కడి నుంచి పల్లెకు షేర్ ఆటో ముప్పై. నాగజెముడు వేర్లు చూడ్డానికి వెళ్తున్నానని చెబితే డ్రైవర్ మస్తాన్ అద్దంలోంచి నన్ను పరీక్షగా చూశాడు. "కాయలు పైన ఉండాయి కదా సార్, కింద యాల తవ్వేది?" అన్నాడు.

రత్నమ్మ పార పట్టుకుని గట్టు దగ్గరే ఉంది. ఆ జెముడును వాళ్ళు పాపాసుకళ్ళి అంటారు. వేరు లోతుకు పోతుందనుకున్నాను. జానెడు లోతులోనే పక్కలకు పాకి ఉంది. సన్నటి పిల్లవేర్ల చుట్టూ ఇసుక చొక్కా తొడిగినట్టు అంటుకుంది. నేను ఆ ఇసుకంతా శుభ్రంగా దులిపి, వేరును కవర్లో పెట్టాను. రత్నమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఇడ్లీ పారేసి ఆకు ఎత్తకపోతాండావు కదప్పా. నువ్వేనా మాకు బుద్ధి సెప్పింది?"

తనే ఇంకో వేరు మన్నుతో సహా తీసి, తడిగుడ్డలో చుట్టి ఇచ్చింది.

పుంగనూరు నుంచి పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరడానికి బస్సులు మారుతూ మూడు గంటలపైనే పట్టింది. ఛార్జీలకు నూటయాభై ఉంచుకోండి. దారిపొడవునా జెముడు గట్లే. వాటిని కాగితాల మీద బంజరని రాసేవాళ్ళు ఎప్పుడైనా ఒంగి చూశారా? నేను మాత్రం చూశానా? చూడకుండానే మైకు పట్టుకున్నాను.

కుప్పంలో రిటైరైన వృక్షశాస్త్రం మాస్టారు ఖాదర్ బాషా ఇంట్లో పాత మైక్రోస్కోపు ఉంది. వేరుముక్కకు నీలిరంగు అద్ది చూపించారు. రేణువుకూ రేణువుకూ మధ్య శిలీంధ్రాల దారాలు. బొమ్మ పెద్దది చేస్తే చుక్కలు, పుల్లల్లాంటి బ్యాక్టీరియా. వేరు కార్చే తీపి తిని ఇవి బతుకుతాయట. వేరూ ఇవీ విడిచే జిగురే ఇసుకను పట్టి ఉంచుతుందనీ, ఆ చొక్కా కిందే కాస్త తడి నిలుస్తుందనీ చెప్పారు. నేను గంటసేపు కన్ను తీయలేదు. టీ చల్లారిపోయింది.

ఇక తేలిపోయిందన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"ప్రాణమున్నట్టు ఇది చూపిస్తుంది. సీతాఫలానికి పనికొస్తుందో లేదో చేను చెప్పాలి. సగం గుంతల్లో వేసి, సగం వదిలేయమనండి."

అక్కణ్ణుంచే రత్నమ్మకు ఫోన్ చేశాను. సగం అనగానే, సగం మొక్కల్ని చంపుకోమంటావా అని నిలదీసింది. తర్వాత తనే ఒక బేరం పెట్టింది.

"ఒక్క వరస ఇడుస్తా, నీ పేరున. నీళ్ళు అన్నిటికీ ఒకటే. ఆ వరసకు మాత్రం నువ్వొచ్చి మోయాల."

మన పెద్దలకు అన్నీ ముందే తెలుసని ఈ వ్యాసాన్ని రేపు ఫార్వర్డ్ చేసేవాళ్ళకు ఇప్పుడే చెబుతున్నాను: పసుపుకూ పరగడుపుకూ నేను ఈనాటికీ వ్యతిరేకినే. కానీ పసుపుతో పాటు మన్నునూ ఊడ్చి పారేశాను. ప్రశ్నించమని ఊరందరికీ చెప్పినవాణ్ణి, ఆ పిడికిట్లో ఏముందని ఒక్క ప్రశ్నయినా అడగలేదు. సందేహం తీర్చుకోవడానికి ఒక వరస మొక్కల్ని పణంగా పెట్టిన రత్నమ్మ నాకంటే పెద్ద హేతువాది.

వెళ్ళేవారికి ఒకటే సూచన: చేను గలవారిని అడిగి తవ్వండి, తీసిన వేరును దులపకండి. ఎండాకాలంలో వెళితే గట్టు పక్క ఆఖరి వరస దగ్గర నేనే కనిపిస్తాను, బిందెతో.