నాకు థాయి రాదన్న రోజు

సింగపూరులో థాయి భాష గలగలా మాట్లాడిన తొలి తెలుగువాణ్ణి నేనే. ఈ మాట చాలా పెళ్లి పందిళ్లలో, చాలా రైలు ప్రయాణాల్లో చెప్పాను. ఇంతవరకు ఎవరూ కాదనలేదు. కాదనాలంటే వాళ్లకు థాయి వచ్చి ఉండాలి కదా! గలగలా అన్నది కొంచెం ఎక్కువే. తినడానికీ, దారి అడగడానికీ, ఎదుటివాణ్ణి నవ్వించడానికీ సరిపడా వచ్చేది. తొలివాణ్ణో కాదో కూడా నేనేమీ విచారించలేదు.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ కుప్పకూలతాయని లోకం హడలిపోతున్న రోజులవి. పాతకాలపు ప్రోగ్రాములు రాయడం వచ్చిన నాలాంటి నడివయసు వాళ్లకు ఒక్కసారిగా గిరాకీ పుట్టింది. మొదట ఒక బ్యాంకు పని మీద ఏడాదిపాటు బ్యాంకాక్‌లో ఉన్నాను. అక్కడి క్యాంటీన్ ఆవిడే నా గురువు. రాగం మారితే మాటకు అర్థమే మారిపోయే భాష అది, ఏం కావాలో సరైన రాగంలో పలికేదాకా ఆవిడ గరిటె ఎత్తేది కాదు. ఆకలి మీద నేర్చుకున్న భాష కాబట్టి వంటబట్టింది. ఆ తర్వాత సింగపూరు, టాంపినీస్‌లో అద్దె ఫ్లాట్, చుట్టూ పాతికేళ్ల తెలుగు కుర్రాళ్లు. వాళ్లందరికీ నేను అంకుల్‌ని, మా ఆవిడ ఆంటీ.

ఆదివారం వస్తే వాళ్లంతా కరివేపాకు కోసం, కొత్త సినిమా క్యాసెట్ల కోసం సెరంగూన్ రోడ్డుకు పోయేవాళ్లు. నేను మాత్రం ఏదో ఒక బస్సెక్కి, ఆ బస్సు ఇంక ముందుకు పోనని ఆగిపోయే చోట దిగేవాణ్ణి. రోడ్డు చివర తప్పకుండా ఏదో ఒక కట్టడం పని జరుగుతుండేది, అక్కడ థాయి పనివాళ్లు ఉండేవాళ్లు. రేకుల షెడ్డు కింద కూర్చుని వాళ్లు బొప్పాయి కాయ తురుము రోట్లో దంచుతుంటే నేను వెళ్లి, “భోజనాలయ్యాయా?” అని వాళ్ల భాషలో అడిగేవాణ్ణి. వాళ్ల పలకరింపూ అదే, మన పలకరింపూ అదే. ఒక్క క్షణం నోళ్లు తెరిచి చూసి, పక్కకు జరిగి చోటిచ్చేవాళ్లు. నన్ను థాయి దేశపు దక్షిణాది వాడని పొరబడేవాళ్లని అందరికీ చెప్పుకున్నాను. నిజానికి నా రాగాలు విని కడుపు పట్టుకుని నవ్వేవాళ్లు. నాచేత మళ్లీ మళ్లీ చెప్పించి, పక్క షెడ్డు వాళ్లను కూడా పిలిచి వినిపించేవాళ్లు.

“ఏమండీ, మ్యాపులో కూడా లేని చోట్లకు వెళ్లి ఏం ఉద్ధరిస్తున్నారు?” అనేది మా ఆవిడ.

“నీకేం తెలుసు, ఈ దేశం గుట్టంతా నాకు తెలుస్తోంది.”

“మన ఇంటి పంపు కారుతున్న గుట్టు కూడా కాస్త తెలుసుకోండి.”

అలా తిరుగుతూ తిరుగుతూ పుంగ్గోల్ వెళ్లాను. ఇప్పుడు అక్కడ నీళ్ల పక్కన ఎత్తయిన ఫ్లాట్లు, వాటి మధ్య బొమ్మలాంటి రైలు. అప్పుడు సన్నటి రోడ్డు, రెండు పక్కలా గడ్డి, కుక్కలు, మూతపడ్డ కోళ్ల షెడ్లు, అక్కడక్కడా మొక్కల తోటలు. ఒక తోట కంచె పక్కన నిలువెత్తు జిల్లేడు పొద కనిపించింది. ఎన్నాళ్లయిందో జిల్లేడు చూసి! ఆగిపోయాను. నలభై దాటిన మనిషి ఒకడు ఆ పువ్వులు కోసి దారానికి గుచ్చుతున్నాడు. థాయి మనిషని చూడగానే తెలిసింది. ఆ తోటలో పనివాడు.

“ఇదేం పువ్వు?” అని అతని భాషలో అడిగాను.

“దోక్ రక్,” అన్నాడు. ప్రేమ పువ్వు అని అర్థం. మనం పాడుపడ్డ గోడల మీదికి వదిలేసిన మొక్కకు వాళ్లు పెట్టుకున్న పేరది. కొమ్మ తెచ్చి నాటింది అతనే. రోజూ దండ గుచ్చి, గుడిసె పక్కన చిన్న పీట మీదున్న దేవతకు వేస్తాడు.

ఆ ఏడాది వినాయకచవితికి నేను జిల్లేడాకులు, మామిడాకులు, గరిక ఒక సంచినిండా తెచ్చాను. అంతకుముందు దాకా టాంపినీస్‌లో మా వాళ్లు ఒకే కొత్తిమీర కట్టతో ఇరవయ్యొక్క పత్రులూ కానిచ్చేవాళ్లు. నా సంచి చూసి కింద రెండో అంతస్తులో ఉండే గుంటూరు ఆవిడ కళ్లకద్దుకుంది.

“ఎక్కడ దొరికాయి అన్నయ్యగారూ?”

“మా వాడి తోటలోవేనమ్మా. థాయివాడు. నేనంటే ప్రాణం. తోటంతా నాదే అనుకో.”

తోట అతనిది కాదు, తౌకేది. తౌకే అంటే అక్కడ యజమాని, చీనా ఆయన. ఆదివారాలు రాడు. ప్రాణమనే మాట మాత్రం పూర్తిగా అబద్ధం కాదు. నేను వెళ్తే అతను తన బంక అన్నం ముద్దలోంచి సగం తీసి నా ముందు పెట్టేవాడు. నేను తెచ్చిన ఆవకాయ నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకునేవాడు. నన్ను “పీ” అని పిలిచేవాడు, అన్నా అన్నట్టు. తన ఊళ్లో ఇల్లు కడుతున్నానని, గోడలు లేచాయని, కప్పు మిగిలిందని చెప్పాడు. ఫ్లాట్లు కట్టడానికి ప్రభుత్వం ఆ భూములు తీసుకుంటోంది. తౌకే తోటను లిమ్ చూ కాంగ్ వైపు మారుస్తున్నాడు. అక్కడ చోటు తక్కువ, ఉన్న ఇద్దరు పనివాళ్లలో ఒక్కణ్ణే తీసుకెళ్తాడు. రెండోవాడు ఇంటికి పోవాల్సిందే.

“నన్నే తీసుకెళ్తాడు పీ. ఆర్కిడ్లు నా చేతిలోనే బతుకుతున్నాయి,” అన్నాడు. ఇంకో రెండేళ్లుంటే ఇంటికి కప్పు వేసేయొచ్చట.

రెండో ఏడు చవితి ముందు ఆదివారం, “ఈసారి నేనూ మా ఆవిడా వస్తాం, ఆకులకు,” అని అతనికి ముందే చెప్పి ఉంచాను. కానీ ఏడాదంతా నేను కోసిన కోతలు ఊరికే పోతాయా? “మమ్మల్నీ తీసుకెళ్లండి అంకుల్” అని మొదట ఒక కుటుంబం, తర్వాత వాళ్ల స్నేహితులు, వాళ్ల పిల్లలు. వద్దనడానికి నోరు రాలేదు. వద్దంటే తోట నాది కానట్టే కదా. పులిహోర డబ్బాలతో సహా ఒక బస్సు సగం మేమే నిండిపోయాం.

గేటు దగ్గర మా గుంపును చూసి అతని మొహం వాడింది. అయినా తలుపు తీశాడు. తీసి, నా చెయ్యి పట్టుకుని, నెమ్మదిగా, నాకు అర్థం కావాలని ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. “పీ, కంచె దగ్గరవి కోసుకోండి. వల కట్టిన షెడ్డు వైపు ఎవరినీ వెళ్లనివ్వకండి. రేపు అక్కడి ఆర్కిడ్లను లారీ ఎక్కించాలి.”

నాకు పూర్తిగా అర్థమైంది. నా జన్మలో థాయి భాష అంత బాగా ఎప్పుడూ అర్థం కాలేదు.

“ఏమంటుండు అంకుల్?” అని మా గుంపులోని కరీంనగర్ కుర్రాడు అడిగాడు. అందరూ నా మొహంలోకి చూస్తున్నారు.

“మీరంతా మన ఇంటివాళ్లే, ఏం కావాలంటే అది కోసుకోండి అంటున్నాడు,” అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. షరతులు వినిపిస్తే నా దర్జా తగ్గుతుందనిపించింది, అంతే. పిల్లలు ఊరికే చూసి తిరుగుతారులే, ఆకులు కోసుకుని అరగంటలో పోతాంలే అనుకున్నాను. అరగంట పట్టలేదు. ఆడవాళ్లు అరటాకులు మొదలంటా కోశారు. పిల్లలు వల ఎత్తి షెడ్డులో దూరారు. “అంకుల్, సో మెనీ ఫ్లవర్స్ లా!” అని లోపలి నుంచి కేక. తర్వాత కుండీల వరుస ఒకటి బల్లతో సహా ఒరిగిన చప్పుడు. అతను పరుగెత్తాడు. మోకాళ్ల మీద కూర్చుని విరిగిన కాడలు ఏరుతుండగానే తౌకే లారీ వచ్చి ఆగింది. మర్నాటి పనికి ముందే చూసుకుందామని వచ్చాడు కాబోలు.

తౌకే అరుపులు సగం చీనా, సగం ఇంగ్లీషు. ఎవరు రానిచ్చారు వీళ్లను? ఇదేమన్నా పార్కా? పోలీసుల్ని పిలుస్తానన్నాడు. థాయి మనిషి లేచి నిలబడి తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో ఏదో చెప్పబోయాడు. చేతనవక నావైపు తిరిగాడు.

“పీ, కొంచెం మీరు చెప్పండి. షెడ్డు వైపు వెళ్లొద్దన్నానని చెప్పండి. మీకు తెలుసు కదా.”

తౌకే కూడా నావైపు తిరిగాడు. “యూ! యూ స్పీక్ థాయ్? వాట్ హీ సే?”

అప్పుడు నా పర్మనెంట్ రెసిడెన్సీ దరఖాస్తు ఆఫీసుల్లో తిరుగుతోంది. పోలీసులన్న మాట చెవిన పడగానే నా పాస్‌పోర్టు, నా ఉద్యోగం, మా ఫ్లాట్ అన్నీ వరుసగా కళ్ల ముందు తిరిగాయి. అతను చెప్పింది చెప్తే, మరి వీళ్లనెందుకు పంపావని నన్నడుగుతాడు. అదీ మా వాళ్లందరి ముందూ అడుగుతాడు. నిజం చెప్పాలంటే, పోలీసుల కంటే దానికే ఎక్కువ భయపడ్డానేమో.

“సారీ సర్,” అన్నాను. “ఐ డోంట్ నో థాయ్. గేటు తీసి ఉంది, అందరూ రావచ్చేమో అనుకున్నాం.”

అతనికి ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు. నన్ను కోపంగా చూసి ఉంటే బాగుండేది. వినబడనట్టు, ఇంకా ఏదో చెప్తానేమోనన్నట్టు, నా నోటివైపే చూస్తూ నిలబడ్డాడు. తౌకే మమ్మల్ని బయటికి తోలి గేటు వేశాడు. లోపల అరుపులు రోడ్డు మలుపు దాకా వినిపించాయి.

బస్సులో కరీంనగర్ కుర్రాడు నా వీపు తట్టాడు. “మస్తు తప్పించినవ్ అంకుల్! థాయి రాదని ఎంత సాఫ్‌గ చెప్పినవ్, ఒక్క ముచ్చట్ల ఖతం!” అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా ఆవిడ నవ్వలేదు. ఒళ్లో జిల్లేడాకుల సంచి పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. దిగబోయే ముందు, “ఆ మనిషి మిమ్మల్నేదో అడిగాడు కదా?” అంది.

“ఏదో తిట్టాడులే.”

“తిట్టినట్టు లేదు.”

చవితి పూజలో ఆ ఆకులు నా చేత్తో వేయలేకపోయాను. పంచె సర్దుకునే వంకతో లేచి, సంచి గుంటూరు ఆవిడ భర్త చేతికిచ్చాను.

తర్వాతి ఆదివారం పొద్దున్నే మా ఆవిడ చలిమిడి, పాలకాయలు డబ్బాలో పెట్టి నా చేతికిచ్చింది. “వెళ్లి ఆ యజమానితో మాట్లాడి రండి. మీ భాష దేనికి మరి?” అంది. ఆవిడకు ఎంత తెలుసో నేను అడగలేదు.

తోటలో సగం ఖాళీ. మిగిలిన కుండీలు లారీకి ఎక్కుతున్నాయి. రెండో పనివాడు లారీ పైనుంచి అందుకుంటున్నాడు, అతను కిందనుంచి అందిస్తున్నాడు. పైనున్నవాడు కొత్త తోటకు పోతాడనీ, కిందున్నవాడు నెలాఖరుకు ఇంటికి పోతాడనీ నాకెవరూ చెప్పనక్కరలేకపోయింది. అయినా అడిగాను. అతను తలూపాడు.

“తప్పు నాది. ఇప్పుడే వెళ్లి తౌకేతో చెప్తాను. అన్నీ చెప్తాను,” అన్నాను. బస్సులో వచ్చేటప్పుడు కూడబలుక్కున్న మాటలు, ఒక్క రాగం కూడా తప్పు పోలేదు.

అతను కుండీకి తాడు బిగిస్తూ, తల ఎత్తకుండా, ఇంగ్లీషులో అన్నాడు. “నో నీడ్. యూ నో స్పీక్ థాయ్.”

డబ్బా పక్కన పెట్టాను. తీసుకున్నాడో లేదో చూడలేదు. తోట మార్చే హడావిడిలో ఆ ఆదివారమూ వచ్చిన తౌకే గదివైపు నడిచాను. ఆయన బల్ల దగ్గర కూర్చుని నూడుల్స్ తింటున్నాడు. నన్ను గుర్తు కూడా పట్టలేదు. “బై వాట్?” అన్నాడు. నోరు తెరిచాను. “మనీ ప్లాంట్,” అన్నాను. కుండీ చంకలో పెట్టుకుని, వెనకవైపు దారి వెతుక్కుని బయటపడ్డాను.

ఇంటికి రాగానే, “చెప్పారా?” అంది మా ఆవిడ.

“చెప్పాను. ఒప్పుకున్నాడు. అతన్నే తీసుకెళ్తాడట.”

ఆవిడ మొహం విప్పారింది. ఆ వెలుగు చూశాక దిద్దుకునే ధైర్యం రాలేదు. సాయంత్రం గుంటూరు ఆవిడ ఇంట్లో బకెట్టు నీళ్లలో మట్టి వినాయకుణ్ణి నిమజ్జనం చేయడానికి అందరం చేరాం. అప్పటికే కబురు పాకిపోయింది.

“ఒక మనిషి కడుపు నిలబెట్టారు అన్నయ్యగారూ!”

“మళ్ల పోయి కొట్లాడినవంట? శభాష్ అంకుల్! ఆ తౌకే ముంగట థాయిల ఏమన్నవో మాకూ ఒకపాలి వినిపియ్యరాదు?”

పిల్లలు కూడా చుట్టూ చేరారు. వినాయకుడు బకెట్లో అప్పటికి నడుం దాకా కరిగాడు. నాకు ఒకే ఒక్క వాక్యం వచ్చింది. దానికి ముందు ఇంకేదీ రాలేదు, తర్వాత ఇంకేదీ రాలేదు.

“ఫొమ్ మై దాయ్ ఫూత్,” అన్నాను. నేను మాట్లాడలేదు అని.

అందరూ చప్పట్లు కొట్టారు. గుంటూరు ఆవిడ నా చేతిలో ఉండ్రాళ్ల గిన్నె పెట్టింది.

లిఫ్టులో మేమిద్దరమే ఉన్నప్పుడు మా ఆవిడ అడిగింది. “అంతసేపు వాదించి వచ్చానన్నారు, అంత చిన్న మాటేనా?”

“అంతే,” అన్నాను.

ఆవిడ లిఫ్టు తలుపు మీది అంకెల వైపు తిరిగింది. ఎక్కాల్సిన అంతస్తులు ఇంకా చాలానే ఉన్నాయి.