దవాఖాన వాసన కొట్టిన మామిడి రసం

మా చెట్టు పండ్లు పిండి, రసం మరిగించి, సీసాలకు పట్టి కోరుట్ల నుంచి సిరిసిల్లలో ఉండే మా ఆడబిడ్డకు పంపాను. నెల తర్వాత ఇంటినిండా చుట్టాలుండగా మూత తీసి ఆమె ఫోన్ చేసింది.

"వదినె, గిదేంది? దవాఖాన వాసనొస్తుంది! సీసాలు ఫినాయిల్‌తోని కడిగినవా ఏంది?"

ఫినాయిలా! సీసాలను రెండుసార్లు నీళ్లలో మరగబెట్టినదాన్ని నేను. ఒళ్లు మండిపోయింది. ఫోన్ మాటలు విన్న మా అత్తమ్మ మాత్రం అప్పటికే పక్కింటి గోడ దగ్గరికి చేరింది. "మా కోడలు రసంల ఫినాయిల్ కలిపింది" అని సాయంత్రానికల్లా వాడకట్టంతా చాటింది. నా చేతి వంటకు పదేళ్లుగా ఉన్న పేరు ఒక్కపూటలో పోయింది. ఏడుపొచ్చింది.

ఊరుకుంటానా? ఇంట్లో మిగిలిన సీసా సంచిలో పెట్టుకుని, అత్తమ్మను వెంటబెట్టుకుని జగిత్యాల బస్సెక్కాను. అక్కడ పండ్ల మీద పరిశోధన చేసే ఒక మేడం సీసా వాసన చూసి నవ్వింది.

"ఫినాయిల్ కాదమ్మా. మట్టిల ఉండే ఒక బ్యాక్టీరియా పని లెక్కుంది. దానికి పండ్ల పులుపంటే ప్రాణం. మరగబెట్టినా గింజ లెక్క ముడుచుకొని బతుకుతది. పైంగ ఆ వేడికే నిద్ర లేస్తది! పండ్లకు మట్టి గిట్ల అంటిందా?"

ప్రతి పండూ కడిగానని చెప్పబోయాను. అత్తమ్మ తల దించుకుంది. మా ఇంట్లో మొదటి ఐదు పండ్లను చెట్టు మొదట్లో తడిమట్టిలో పెట్టి భూమికి మొక్కుతారు. మొక్కిన పండును కడగకూడదని ఆమె నమ్మకం.

"గా ఐదు పండ్లు నేనే రసంల పిండిన మేడం," అంది చిన్నగా. "తొక్కతోనే. కడగలె."

తిరుగు బస్సులో, అబద్ధమెందుకు, నాకు లోలోపల సంబరంగానే ఉంది. కానీ ఆమె మొహం చూసి జాలేసింది.

"పోనియ్యి అత్తమ్మా, ఎవ్వలకు చెప్పను."

"నువ్వెందుకు చెప్తవే? నిన్ను బద్నాం చేసింది నేను. నేనే చెప్త."

బస్సు దిగి ఆమె ఇంటికి రాలేదు. మా వాడకట్టులో మొదటి ఇంటి తలుపు కొట్టింది.

"మా కోడలు తప్పేం లేదు. తప్పు నాదే."

మూడో ఇంట్లోనూ అదే మాట చెప్పింది. ఇక చాలని చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి వదలకుండానే నన్నూ లాక్కుని నాలుగో గడప ఎక్కింది.